మొక్కూ మందూ: మానసిక వైద్యంలో ఇంటి నమ్మకాన్ని ఏం చేయాలి

మీరు రాసినదాని సారాంశం ఇది. తమ్ముడికి 23 ఏళ్లు. నాలుగు నెలలుగా ఎవరో తనను తిడుతున్నట్టు వినిపిస్తోందంటాడు, రాత్రంతా మేలుకుంటాడు, స్నానం మానేశాడు, స్నేహితుల ఫోన్లు ఎత్తడు. అమ్మ గాలి సోకిందంటోంది. కొండగట్టు అంజన్న దగ్గర మండలం రోజులు ఉంచుతానని మొక్కుకుంది. సైకియాట్రిస్టు రాసిన మాత్రలు మూడు వారాలు వాడారు. రెండోసారి వెళ్లినప్పుడు మెడలో తాయెత్తు చూసి ఆ డాక్టరు కసురుకున్నారు. నాన్నకు తల కొట్టేసినట్టయి మందులు ఆపించారు. ఇప్పుడు ఇంట్లో మొక్కా మందా అని రెండు జట్లు. మొక్కు తీర్చవచ్చా, మాటలతో చేసే చికిత్స (టాక్ థెరపీ) పనికొస్తుందా అని మీరు అడిగారు.

అసలు ఈ పోటీ పెట్టడమే తప్పు. గాలి ఉందా లేదా అన్నది తేలేదాకా వైద్యం ఆగనక్కర్లేదు. నమ్మకం పేరుతో ఇంట్లో చేసే ప్రతి పనినీ ఒకే ప్రశ్నతో చూడండి: ఇది అతని నిద్రను, తిండిని, నీళ్లను, మందును, ఒంటి మీద స్వేచ్ఛను పాడుచేస్తోందా? పాడుచేయకపోతే సాగనివ్వండి. తాయెత్తు మెడలో ఉంటే రిస్పెరిడోన్ లాంటి మాత్ర పనిచేయడం మానదు. పాడుచేస్తుంటే మాత్రం, నమ్మకాన్ని మొత్తంగా తప్పుపట్టకుండా, ఆ ఒక్క పని దగ్గరే గట్టిగా నిలబడండి. ఇంట్లో ఒప్పందం కుదిరేది అలాగే.

ముందు మందు సంగతి, ఎందుకంటే దాంట్లో ఆలస్యం పనికిరాదు. సైకోసిస్ (లేని గొంతులు వినబడటం, లేనిపోని అనుమానాలు నిజమనిపించడం లాంటి జబ్బు) మందులు ఆపిన మర్నాడే లక్షణాలు తిరిగి రావు. కొందరికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. కుటుంబాలు మోసపోయేది సరిగ్గా ఇక్కడే. సోమవారం మాత్ర ఆపి, మంగళవారం తాయెత్తు కట్టి, నెల రోజులు బాగుంటే ఆ ఘనత తాయెత్తుకు పోతుంది. రెండు నెలలకు తిరగబెడితే ‘ఎవరో మళ్లీ చేయించారు’ అంటారు. మందు మొదలుపెట్టినప్పుడు వరస తిరగబడుతుంది. మగత, చొంగ కారడం, చేతులు బిగుసుకోవడం మొదటి వారంలోనే కనబడతాయి. వినిపించే గొంతులు బాగా తగ్గడానికి రెండు నుంచి ఆరు వారాలు కావాలి. కష్టం ముందు, గుణం తర్వాత. ఈ వరస మొదటి రోజే విడమరిచి చెబితే, మీ నాన్నగారిలాంటివాళ్లు మూడో వారంలో విసిగిపోవడం చాలావరకు తప్పుతుంది. ఇంకోటి, మొదటిసారి వచ్చిన సైకోసిస్‌లో లక్షణాలు పోయాక కూడా కనీసం ఏడాది, తరచు రెండేళ్లు మందు సాగించాలి. ఆపిన మందును మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పాత చీటీ చూసి పాత మోతాదే వేయకండి, డాక్టర్ని అడగండి. క్లోజపిన్ అనే మందు అయితే ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం: 48 గంటలకు మించి మానితే 12.5 మిల్లీగ్రాముల నుంచి మళ్లీ మెట్టు మెట్టుగా పెంచాల్సిందే.

కొన్ని పరిస్థితుల్లో మాత్రం చర్చే వద్దు, ఆ రోజే ఆసుపత్రి. జ్వరంతో పాటు తికమక, మూర్ఛ, మాట తడబాటు ఉంటే అది మెదడువాపు కావచ్చు. రోజంతా గుక్కెడు నీళ్లు కూడా తాగకుండా, పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉంచి శిలలా బిగుసుకుపోతే అది కాటటోనియా. దీన్ని మౌనవ్రతమనో, దేవుడు వచ్చాడనో అనుకుని రోజుల తరబడి దండం పెడుతూ కూర్చుంటారు. లోరాజెపామ్ ఇంజెక్షన్‌తో చాలామందిలో గంటల్లోనే మార్పు కనిపించే జబ్బు ఇది. చచ్చిపోతాననడం, ఫలానావాళ్లను చంపమని గొంతులు ఆజ్ఞాపిస్తున్నాయనడం మూడోది. కాన్పైన మొదటి రెండు వారాల్లో బాలింత ఉన్నట్టుండి నిద్ర లేకుండా, పొంతన లేకుండా మాట్లాడటం నాలుగోది. దీన్ని దాదాపు ప్రతి ఇంట్లో ముందు గాలి కిందే లెక్కవేస్తారు, ఆ రెండు మూడు రోజుల ఆలస్యంలోనే తల్లికీ బిడ్డకీ ప్రమాదం.

ఇక అమ్మ. ఆమెతో వాదించకుండా ఆమెను అడగండి. అమెరికా మనోవైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్, ఆయన సహచరులు 1978లో ఇలాంటి ప్రశ్నలు కొన్ని ప్రతిపాదించారు. 2013లో అమెరికా సైకియాట్రిస్టుల సంఘం జబ్బుల వర్గీకరణ పుస్తకం డీఎస్ఎం-5తో పాటు పదహారు ప్రశ్నల సాంస్కృతిక ఇంటర్వ్యూ కూడా వచ్చింది. మన ఇళ్లకు ఐదు చాలు: ‘ఇదేమిటని నీకనిపిస్తోంది? అప్పుడే ఎందుకు మొదలైంది? దీంట్లో నీకు అన్నిటికన్నా భయం దేని గురించి? ఇంతవరకు చేసినవాటిలో దేనితో కాస్త నయమనిపించింది? ఆసుపత్రి అంటే నీకు అడ్డుగా ఉన్నదేమిటి?’

మూడో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగండి. వచ్చే జవాబులో దయ్యం ఉండదు. ‘వాడికిక పెళ్లి కాదు’, ‘చిన్నదాని సంబంధం చెడిపోతుంది’, ‘కరెంటు పెడతారట’, ‘జీవితాంతం మాత్రలేనా’ అని వస్తుంది. గాలి అనే మాట ఆ ఇంట్లో ఒక పని చేస్తోంది. గాలి బయటినుంచి వచ్చింది, కాబట్టి పోతుంది. అది అబ్బాయి తప్పు కాదు, పెంపకం తప్పు కాదు, వంశంలో లోపం కాదు. డాక్టరు దాన్ని కొట్టిపారేసి ‘స్కిజోఫ్రెనియా’ అని రాసిన క్షణంలో అమ్మకు అర్థమయ్యేది, తన కొడుకుకి పిచ్చి, అది రక్తంలో ఉంది, ఇక పోదు అని. అలాంటప్పుడు ఏ తల్లయినా గాలినే పట్టుకుంటుంది. ఆ మాట తీసేయాలంటే దాని చోట అంతే దయగల మాట ఒకటి పెట్టాలి. ‘మెదడులో శబ్దాలను గుర్తుపట్టే చోట పని గాడితప్పింది. ఎవరి తప్పూ కాదు. మందుతో చాలామందికి సర్దుకుంటుంది. నీ పూజ నువ్వు చెయ్యి, వాడి నిద్ర సంగతి మాత్ర చూసుకుంటుంది.’ ఈ నాలుగు మాటలు మీరు చెప్పడం కన్నా డాక్టరు నోటి వెంట వస్తే విలువ ఎక్కువ. ఎలా రప్పించాలో చివర్లో చెబుతాను.

కొండగట్టుకు తీసుకెళ్లవచ్చా? వెళ్లవచ్చు, షరతులతో. తమిళనాడులోని ఒక ముత్తుస్వామి గుడిలో బస చేసిన మానసిక రోగుల మీద బెంగళూరు నిమ్హాన్స్ (జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) పరిశోధకులు చేసిన అధ్యయనం 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 31 మంది, సగటున ఆరు వారాల బస. లక్షణాల తీవ్రతను కొలిచే స్కేలు మీద సుమారు 20 శాతం తగ్గుదల కనిపించింది. అక్కడ భూతవైద్యం లాంటి తంతేమీ లేదు. ఉదయం పూజ, గుడి ఊడ్చడం, మొక్కలకు నీళ్లు పోయడం, పక్కన ఇంటిమనిషి. కొట్టేవాళ్లు, కసిరేవాళ్లు లేరు. పోల్చి చూడటానికి వేరే బృందం లేని చిన్న అధ్యయనం కాబట్టి దాన్ని చూపించి మందు ఆపకూడదు. కానీ ఒకటి అర్థమవుతుంది: వేళకు తిండి, నిద్ర, చిన్న పని, నిందించని మనుషులు దొరికిన చోట రోగికి ఊరట కలుగుతుంది.

దీనికి రెండో వైపు ఏర్వాడి. తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఆ దర్గా ఊళ్లో, 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేక 28 మంది కాలిపోయారు. అక్కడ ప్రాణం తీసింది దర్గా మీద నమ్మకం కాదు, గొలుసు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 95వ సెక్షన్ రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. గుడి, దర్గా, చర్చి, ఆశ్రమం ఏదైనా సరే, కట్టేయడం, వేపమండలతో బాదడం, మిరపకాయల పొగ పెట్టడం, వాతలు, రోజుల తరబడి పస్తులు ఉన్న చోటు నుంచి అప్పటికప్పుడే బయటికి తీసుకురండి. దీంట్లో బేరం లేదు.

కొండగట్టులో ఉంచేటప్పుడు: ఇంటిమనిషి ఒకరు తప్పనిసరిగా పక్కన పడుకోవాలి. మండలానికి కాస్త అదనంగా, 45 రోజులకు సరిపడా మందులు రోజువారీ గళ్లున్న డబ్బాలో సర్దుకోండి. చీటీ ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. (అక్కడి కోతులు చేతిసంచీలు లాక్కుపోతాయి, డబ్బాను సంచీలో పెట్టి వదలకండి.) రాత్రి తొమ్మిదిన్నర, పదికి పడుకోవాలి, భజన ఎంత బాగున్నా సరే. ఏడెనిమిది గంటల నిద్ర తగ్గకూడదు. మంగళవారం, శనివారం జనం విపరీతం. అందరూ తననే చూస్తున్నారన్న అనుమానం ఉన్న మనిషికి ఆ తోపులాట నరకం. ఆ రెండు రోజులూ దర్శనం వద్దు. వారానికి ఒకసారి డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడే ఏర్పాటు ముందే చేసుకోండి.

పూజారినీ, దర్గా చూసుకునే ముజావర్‌నీ, పాస్టర్‌నీ శత్రువుల్లా చూడకండి. గుజరాత్ మెహసానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో ‘దవా–దువా’ పేరుతో ఒక ఏర్పాటు ఉంది. దర్గా ఆవరణలోనే సైకియాట్రీ క్లినిక్ పెట్టి, ముజావర్లకు జబ్బు లక్షణాలు గుర్తుపట్టడం నేర్పారు. వాళ్లు దువా చేసి, క్లినిక్‌కు పంపుతారు. మన దగ్గర నెల్లూరు జిల్లా ఏ.ఎస్.పేట దర్గాకో, ఊళ్లో స్వస్థత కూడికలకో వెళ్లే కుటుంబాలు కూడా ఆ పెద్దమనిషిని ఒక్క మాట అడగవచ్చు: ‘మందులు మానొద్దని మీరు చెప్పండి.’ చాలామంది చెబుతారు. ‘మందు వేస్తే దేవుడి మీద విశ్వాసం లేనట్టే’ అనేవాళ్ల దగ్గర, డబ్బు మీద డబ్బు అడిగేవాళ్ల దగ్గర, చేసింది ఫలానా పిన్ని అనో ఎదురింటివాళ్లనో పేరు పెట్టి చెప్పేవాళ్ల దగ్గర ఆగకండి. ఆ చివరి రకం మరీ ప్రమాదం. తనకెవరో హాని చేస్తున్నారని ఇప్పటికే భయపడుతున్న అబ్బాయికి ఆ మాటతో ఒక మనిషి దొరికినట్టవుతుంది. మెదక్ వైపు బాణామతి, గోదావరి వైపు చిల్లంగి అనే చేతబడి పేరుతో జరిగిన దాడుల వెనక ఇలా పేరు పెట్టి చెప్పిన నోరు ఒకటి తరచుగా ఉంటుంది.

ఒక పని మాత్రం చేయకండి. మాత్ర పొడిచేసి ప్రసాదంలోనో పెరుగన్నంలోనో కలిపి పెట్టడం. ఎంతోమంది చేస్తారు, కొన్నాళ్లు గుట్టుగా సాగుతుంది కూడా. తిండిలో ఏదో కలుపుతున్నారన్న అనుమానమే జబ్బుగా ఉన్న మనిషికి ఒకరోజు గిన్నె అడుగున తెల్లపొడి కనబడితే, అతని అనుమానం నిజమైనట్టే. ఆ తర్వాత ఇంటి తిండీ ముట్టడు, ఆసుపత్రీ నమ్మడు. మాత్ర మింగననేవాళ్లకు నాలుక మీద కరిగే మాత్రలు, రెండు వారాలకో నెలకో ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. అడగండి.

ఉపవాసాలు, దీక్షల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. రోగి భక్తుడైతే ఎప్పుడో ఒకప్పుడు ఇవి వస్తాయి, డాక్టర్లు అడగరు, ఇంట్లోవాళ్లు చెప్పరు.

బైపోలార్ జబ్బుకు (ఉన్మాదం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చేది) ఇచ్చే లిథియం వాడేవాళ్లకు ఉప్పు, నీళ్లు రెండూ ముఖ్యం. ఒంట్లో ఇవి తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి, రక్తంలో దాని స్థాయి పెరుగుతుంది. మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ ఉండాలి. 1.5 దాటితే విషలక్షణాలు: చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలడం, మాట ముద్దగా రావడం. రంజాన్‌లో పగలంతా నీళ్లు లేకపోవడం ఒక కారణమైతే, శనివారం ఉప్పు లేకుండా తినే నియమం, నాటువైద్యుడు పెట్టిన చప్పిడి పథ్యం మరో కారణం. ఈ రెండోది ఎవరికీ తట్టదు. రోజా ఉండి తీరాలనుకుంటే రంజాన్‌కు కొన్ని వారాల ముందే రక్తపరీక్ష చేయించి, మోతాదును ఇఫ్తార్ తర్వాత ఒకేసారికి మార్చవచ్చేమో డాక్టర్ని అడగాలి. నెల మధ్యలో మళ్లీ పరీక్ష చేయించాలి. ఎండాకాలంలో రంజాన్ వస్తే వద్దనే చెప్పాల్సి రావచ్చు. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది. ఆ మాట డాక్టరు కన్నా మసీదు ఇమామ్ చెబితే మనసుకు పడుతుంది.

సైకోసిస్‌కు ఇచ్చే లురాసిడోన్ మాత్ర కనీసం 350 క్యాలరీల తిండితో వేసుకుంటేనే ఒంటికి పడుతుంది. ఒంటిపూట దీక్షలో ఉన్నవాళ్లు రాత్రి ఒక అరటిపండు తిని వేసుకుంటే సగం వృథా. ‘మందు పనిచేయడం లేదు’ అని మోతాదు పెంచుతూ పోతారు, కారణం పళ్లెంలో ఉంటుంది.

అయ్యప్ప దీక్ష 41 రోజులు. చన్నీళ్ల స్నానం వల్ల మానసికంగా నష్టమేమీ లేదు. రోజుకొక క్రమం, తోటి స్వాముల మర్యాద, మత్తుకు దూరం చాలామందికి మేలు కూడా చేస్తాయి. చిక్కంతా మూడు చోట్ల. బైపోలార్ ఉన్నవాళ్లకు నిద్ర తెగడం నేరుగా ఉన్మాదాన్ని రేపుతుంది. అర్ధరాత్రి దాకా పడిపూజ, నాలుగింటికి లేవడం పది రోజులు సాగితే మనిషి అతిగా మాట్లాడటం, డబ్బు వెదజల్లడం, ‘స్వామి నాతో మాట్లాడుతున్నాడు’ అనడం మొదలవుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని భక్తి పారవశ్యం అనుకుంటారు. కాబట్టి నాలుగింటికి లేచేవాళ్లు రాత్రి తొమ్మిదికల్లా పడుకోవాలి, పడిపూజకు ముందు వరసలో ఉండాల్సిన పని లేదు. రెండోది సిగరెట్. క్లోజపిన్ లేదా ఒలాంజపిన్ వాడుతూ రోజుకు పెట్టె కాల్చే మనిషి మాల వేసుకుని హఠాత్తుగా మానేస్తే, ఆ మందు రక్తంలో పెరుగుతుంది. పొగలోని పదార్థాలు కాలేయంలో ఆ మందును త్వరగా కరిగించేవి, ఇప్పుడు అవి లేవు. వారంలోపే మత్తు, తూలు, క్లోజపిన్‌తో అయితే మూర్ఛ దాకా రావచ్చు. మాల వేసుకునే తేదీ డాక్టరుకు ముందే చెబితే మోతాదు తగ్గిస్తారు, దీక్ష అయ్యాక మళ్లీ కాలిస్తే మళ్లీ పెంచాలి. మూడోది మద్యం. రోజూ తాగే మనిషి మాల రోజున ఒక్కసారిగా మానేస్తే మొదటి రోజు వణుకు, రెండో రోజు మూర్ఛ, మూడు నాలుగు రోజుల్లో పురుగులు పాకుతున్నట్టు, మనుషులు కనబడుతున్నట్టు భ్రమలు రావచ్చు. ఊళ్లో దాన్ని మాలలో జరిగిన అపచారం అంటారు. అది ఆల్కహాల్ విత్‌డ్రాయల్, చికిత్స లేకపోతే ప్రాణం పోవచ్చు. మాలకు వారం పది రోజుల ముందే ఆసుపత్రిలో చేరి మందులతో, థయామిన్ (విటమిన్ బి1)తో మాన్పించుకుని అప్పుడు వేసుకోవాలి.

ఇక పూనకం. బోనాల్లో శివసత్తులకు వచ్చేదీ, ఉజ్జయిని మహంకాళి రంగంలో పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే అమ్మకు వచ్చేదీ జబ్బు కావు. దానికి వేళ, చోటు, డప్పు ఉన్నాయి. వచ్చినట్టే దిగుతుంది, దిగాక మనిషి ఇంటికెళ్లి వంట చేసుకుంటుంది, తోటివాళ్లు దాన్ని గౌరవిస్తారు. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 కూడా ఆ సమాజం ఒప్పుకున్న ఆచారంలో భాగమైన పూనకాన్ని జబ్బుగా లెక్కించదు. సందర్భం లేకుండా, తనకిష్టం లేకుండా, వారంలో పలుమార్లు రావడం, తర్వాత మనిషి పనీపాటా లేకుండా కుంగిపోవడం మొదలైతే అది వైద్యుడు చూడాల్సిన విషయం. కొత్త కోడలికి అత్తింట్లో మాత్రమే వచ్చే పూనకం మూడో రకం. దానికి మాత్రకన్నా ముందు, ఆ ఇంట్లో ఆమెకు మాట్లాడే హక్కు ఉందా అని చూడాలి. అమ్మవారి గొంతుతో తప్ప ఆమె మాట ఎవరూ వినకపోతే, ఆ గొంతు వస్తూనే ఉంటుంది.

చనిపోయిన నాన్న పిలిచినట్టు కర్మకాండ రోజుల్లో వినబడటం కూడా జబ్బు కాదు. మీ తమ్ముడిది అలాంటిది కాదు. నాలుగు నెలలు, తిట్లు, స్నానం లేదు, బయటికి రాడు. ఏ ఆచారం కొలతతో చూసినా ఇది క్షీణత. మీ అమ్మగారితో మాట్లాడేటప్పుడు ఈ తేడానే చూపించండి: ‘పూనకం దిగాక మనిషి మామూలవుతుంది కదమ్మా, వీడు అవడం లేదు.’ ఇది ఆమెకు తెలిసిన లెక్కే.

టాక్ థెరపీ గురించి కూడా అడిగారు. తీవ్రమైన సైకోసిస్‌లో అది మందు తర్వాతి అడుగు. డిప్రెషన్, ఆందోళన, ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, ఆపలేక మళ్లీ మళ్లీ చేసే పనులు) లాంటివాటిలో మాత్రం నమ్మకం తెలియని థెరపిస్టు సగం దారిలోనే ఆగిపోతాడు.

మన దగ్గర దిగులు దిగులుగా రాదు. ‘గ్యాస్ గుండెల్లోకి తన్నుతోంది’, ‘నరాల బలహీనత’, ‘ఒళ్లంతా మంటలు’, ‘తలలో బరువు’ అని వస్తుంది. ఈసీజీ, ఎండోస్కోపీ అయ్యాక ‘నీకేం లేదు’ అంటారు. ఆ మాటతో మనిషి ఇంకా ఒంటరి అవుతాడు. శరీరం చెప్పేదాన్ని ఒప్పుకుని అక్కడినుంచే నిద్ర, ఆకలి, ఏడుపు అడిగే థెరపిస్టు కావాలి. ‘అంతా నా ఖర్మ’ అనే ఆమెతో పూర్వజన్మల గురించి వాదన దండగ. అలా అనుకున్న రోజు ఆమె ఏం చేస్తుంది, ఏం మానేస్తుంది అని చూడాలి. తలుపులేసుకుని పడుకుంటే అక్కడ పని మొదలవుతుంది. గుడికి నడిచి వెళ్తే, ఆ నడకనే వారానికి నాలుగు రోజులకు పెంచే ప్రణాళిక వేయాలి.

మతం రంగు వేసుకున్న ఓసీడీ వేరే కథ. మడి కట్టుకుని ఐదుసార్లు స్నానం, వజూ (నమాజుకు ముందు చేతులూ ముఖమూ కాళ్లూ కడుక్కోవడం) పదిసార్లు మళ్లీ మొదటినుంచి, పూజ మధ్యలో దేవుడి మీద బూతు ఆలోచనలు, ‘పరిశుద్ధాత్మకు విరోధంగా క్షమించరాని పాపం చేశానేమో’ అనే భయం. చెబితే పాపమని ఏళ్లకేళ్లు దాస్తారు. థెరపిస్టే ముందు మామూలుగా ‘ఇలాంటి ఆలోచనలు ఈ జబ్బులో చాలామందికి వస్తాయి, మీకూ వస్తాయా’ అని అడగాలి. చికిత్స ఈఆర్‌పీ: భయపెట్టే పరిస్థితిలోకి కొద్దికొద్దిగా వెళ్లడం, వెళ్లాక శుద్ధి చేయకుండా ఆగడం. సాధారణంగా 12 నుంచి 20 సెషన్లు. గమ్యం ఏమిటన్నది ఆ మతంలోని మామూలు భక్తుణ్ని చూసి నిర్ణయించాలి. వజూలో ఒక్కో అవయవం గరిష్ఠంగా మూడుసార్లు కడగడం నియమం. రోగి గమ్యమూ అదే. గ్రంథాన్ని తొక్కమనో, మైల అన్నం నైవేద్యం పెట్టమనో అడిగే థెరపిస్టుకు ఈ పని తెలియదు. నియమం ఎంతవరకో తెలుసుకోవడానికి అయ్యగారినో మౌల్వీనో పాస్టర్‌నో ఒకే ఒక్కసారి, థెరపిస్టు సమక్షంలో అడగండి. రోజూ ఫోన్ చేసి ‘తప్పు లేదు కదా’ అని అడగడం మొదలైతే అదీ ఓసీడీలో భాగమైపోతుంది. ఆ పెద్దమనిషికి కూడా ముందే చెప్పి ఉంచాలి, రెండోసారి జవాబివ్వొద్దని.

థెరపిస్టు మనవాడే అయి ఉండాలా? భాష మనదై ఉంటే మంచిది, తిట్టూ ఏడుపూ తెలుగులోనే వస్తాయి కాబట్టి. కులం, మతం కలవడం మాత్రం రెండంచుల కత్తి. మనవాడైతే చెప్పకుండానే కొన్ని అర్థమవుతాయి. మనవాడైతే మేనమామకు తెలిసినవాడూ అవుతాడు. మొదటి సెషన్‌లోనే ఇంటిపేరేమిటి, ఏ ఊరు, ఫలానావాళ్లు ఏమవుతారు అని ఆరా తీసే కౌన్సెలర్ దగ్గర చాలామంది నోరు మూసుకుంటారు. కులం తెలుసుకోవడానికే ఆ ప్రశ్నలన్న సంగతి మనందరికీ తెలుసు. దళిత క్రైస్తవుల విషయం మరీ సున్నితం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. సర్టిఫికెట్‌లో ఒకటి, ఆదివారం ఒకటిగా బతికే కుటుంబానికి కేస్ షీట్‌లో ‘మతం’ గడి చూస్తేనే భయం. ఆ గడి ఖాళీగా వదిలేయమని అడగవచ్చు. చికిత్సకు అక్కరకొచ్చేది ప్రార్థన ఇచ్చే బలం, సంఘం ఇచ్చే తోడు. అవి కాగితం మీద లేకపోయినా మాటల్లో చెప్పవచ్చు. 2017 చట్టం 23వ సెక్షన్ ప్రకారం రోగి వివరాలు గోప్యం. మూడో సెక్షన్ మీకు నేరుగా పనికొస్తుంది: ఒక కులంలోనో మతంలోనో పుట్టినందుకు గానీ, సమాజపు మత విశ్వాసాలకు, నైతిక విలువలకు అనుగుణంగా నడవనందుకు గానీ ఎవరినీ మానసిక రోగిగా నిర్ణయించకూడదు. వేరే కులం అమ్మాయిని ప్రేమించాడనో, మతం మారాడనో ‘కౌన్సెలింగ్’కు లాక్కొచ్చేవాళ్లకు ఇదే జవాబు.

గదిలో కుటుంబం ఉండాలా వద్దా అన్నదానికి విదేశీ పాఠ్యపుస్తకం జవాబు మనకు అతకదు. అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ 1950ల్లోనే ఆవరణలో గుడారాలు వేయించి రోగితో పాటు ఇంటివాళ్లను ఉంచారు. వాళ్లు వైద్యం నేర్చుకుని ఇంటికి వెళ్లేవాళ్లు. ఈ దేశంలో వైద్యం కుటుంబంతోనే సాగుతుంది. అయితే మొదటి పది నిమిషాలు అందరితో, తర్వాత అరగంట మీ తమ్ముడితో ఒంటరిగా, చివరి ఐదు నిమిషాలు మళ్లీ అందరితో అన్న ఏర్పాటు అడగండి. నాన్నగారి ముందు ఏ అబ్బాయీ గంజాయి సంగతి చెప్పడు. 23 ఏళ్ల వయసులో గొంతులు వినబడుతుంటే అది అడిగి తీరాలి.

పెళ్లి చేస్తే తగ్గుతుందనే సలహా ఈపాటికి వచ్చే ఉంటుంది, రాకపోతే వస్తుంది. తగ్గదు. ముహూర్తం తెల్లవారుజామున, మూడు రాత్రులు నిద్ర లేదు, కొత్తవాళ్లకు తెలియకూడదని మాత్రలు బంద్. తిరగబెట్టడానికి ఇంతకన్నా అనువైన పరిస్థితి లేదు. దాచి చేస్తే హిందూ వివాహ చట్టం కింద ఆ పెళ్లి రద్దు కోరే అవకాశం అవతలివాళ్లకు ఉంటుంది. కుదుటపడి, ఏడాదికి పైగా పనిలో నిలదొక్కుకుని, చెప్పి చేసుకుంటే అది వేరే సంగతి. అమ్మాయిల విషయంలో అదనంగా ఒకటి: బైపోలార్‌కు ఇచ్చే వాల్‌ప్రోయేట్ వాడుతుంటే పెళ్లి మాట రాకముందే మందు మార్పు గురించి అడగాలి, కడుపులో బిడ్డకు వెన్నెముక లోపాలు కలిగించే మందు అది.

ఇప్పుడు డాక్టర్ని కలవడం. అదే డాక్టరు దగ్గరికైనా, జిల్లా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకైనా, ఒక కాగితం రాసి తీసుకెళ్లండి. లక్షణాలు తేదీలవారీగా, ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములు ఎన్ని రోజులు, ఎప్పుడు ఆపారు, రాత్రికి ఎన్ని గంటల నిద్ర, సిగరెట్, మద్యం, గంజాయి, వాడిన నాటుమందులు. సర్పగంధ లాంటిది ఇచ్చి ఉంటే తప్పక చెప్పాలి, ఈ మందులతో కలిస్తే బీపీ పడిపోతుంది. కింద రెండు వాక్యాలు: ‘మా ఇంట్లో మొక్కు తీర్చడం ముఖ్యం, ఫలానా తేదీల్లో కొండగట్టులో ఉంటాం. మందు సాగిస్తూ ఇది ఎలా చేయాలో చెప్పండి, మా అమ్మానాన్నలకు జబ్బు గురించి మీరే ఒకసారి చెప్పండి.’ ఇలా అడిగితే విసుక్కునే డాక్టరు కూడా సమాధానం చెప్పే దారిలోకి వస్తాడు. రాకపోతే డాక్టర్ని మార్చండి, మందు మానకండి. థెరపీ కోసం వెళ్లేటప్పుడు క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో అడగండి, కౌన్సెలర్ అన్న బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఈ రాత్రే ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఏ వేళకైనా, తెలుగులో, ఉచితం. నాన్నగారి చేత చేయించగలిగితే ఇంకా మంచిది. కసురుకున్న డాక్టరు ముందు ఆయన అడగలేకపోయినవి ఫోన్‌లో అడుగుతారు.